బజారులో భాషానిలయం
(హైదరాబాద్‌లో ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యి ఎత్తండి, మొహమాటపడొద్దు.

నిర్వాహకులు ఫోన్ చేసి, "సార్, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం చరిత్ర, కట్టడం, రెండూ ఒకే ప్రసంగంలో చెప్పాలి" అన్నారు. భాషానిలయం అంటే, తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, సుల్తాన్ బజారులోని మన పాత తెలుగు గ్రంథాలయం. దాని చరిత్ర నాకన్నా బాగా తెలిసిన పెద్దలు ఈ హాల్లోనే ముందు వరసలో ఉన్నారు. నేను ఉద్యోగమంతా భవనాల బరువులు లెక్కగట్టినవాణ్ని. పునాది, దూలం, గోడ, కప్పు, ఇవే నా భాష. అందుకని చరిత్రను కూడా ఇంజనీరు కళ్లతోనే చూస్తాను. తప్పులుంటే ముందు వరసవాళ్లు దిద్దుతారు.

ఇల్లు కట్టేవాడు మొదట గోడ చూడడు, జాగా చూస్తాడు. నేనూ అక్కణ్నుంచే మొదలుపెడతాను.

సుల్తాన్ బజార్ మనందరికీ తెలుసు. చీరలు, గాజులు, పెళ్లి సామాన్లు, అడుగు తీసి అడుగు వేయలేని రద్దీ. ఆ పేరు మాత్రం అంత పాతది కాదు. 1933 దాకా దాన్ని రెసిడెన్సీ బజారు అనేవాళ్లు. కోఠీ మహిళా కళాశాలగా మనకు తెలిసిన ఆ పెద్ద భవనం ఉంది చూశారూ, ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, అది నిజాం దగ్గర ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి, అంటే రెసిడెంటు, ఉన్న బంగళా. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్న రోజుల్లో, 1800ల మొదట్లో కట్టారు. ఎదుట ఆరు భారీ స్తంభాలు, మెట్ల పక్కన రెండు సింహాలు. ఆ బంగళా చుట్టూ పెరిగిన బజారు కనుక రెసిడెన్సీ బజారు. ఊరు నిజాముది, ఆ బజారు మీద అజమాయిషీ మాత్రం రెసిడెంటుది. 1933లో నిజాముకు తిరిగి అప్పగించాక సుల్తాన్ బజార్ అయింది.

దీని అర్థం ఏమిటి? వీధి ఇటుపక్క ఒక చట్టం, అటుపక్క ఒక చట్టం. నిజాం పోలీసు చెయ్యి ఆ బజారులో నేరుగా ఆడేది కాదు. హైదరాబాద్‌లో ఏదైనా సంఘం, సభ, బడి పెట్టాలనుకున్నవాళ్ల కాళ్లు ఎందుకు అటే నడిచేవో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆర్యసమాజం 1892లో అక్కడే మొదలైంది. మరాఠీవాళ్ల వివేకవర్ధినీ విద్యాలయం ఆ పక్కనే జాంబాగ్‌లో. మన భాషానిలయానికి సొంత ఇల్లు అమరిందీ ఆ బజారులోనే. నన్నడిగితే ఆ గ్రంథాలయం కట్టడంలో అన్నిటికన్నా తెలివైన భాగం గోడా కాదు, కప్పూ కాదు. అది నిలబడ్డ చోటు.

ఇప్పుడు దాన్ని పెట్టినవాళ్ల సంగతి.

1901 సెప్టెంబర్ 1. రామ్‌కోఠీలో రావిచెట్టు రంగారావు గారి ఇల్లు. అక్కడ మొదలైంది. ఆయనతో పాటు మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారు, కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆదిపూడి సోమనాథరావు గారు, మైలవరపు నరసింహశాస్త్రి గారు. లక్ష్మణరావు గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఈ హాల్లో ఇరవై నాలుగేళ్లవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను లెండి, నాకే బాధగా ఉంటుంది. (నవ్వులు)

లక్ష్మణరావు గారు మునగాల సంస్థానంలో దివాను. మా ఊరు కోదాడ దగ్గర, అందుకని మునగాల అంటే నాకు కొంచెం ఎక్కువ అభిమానం, అది మీరు సర్దుకోవాలి. విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట దాటాక మునగాల వస్తుంది. ఆ రోజుల్లో మునగాల పరగణా మద్రాసు రాష్ట్రం కృష్ణా జిల్లాలోది. చుట్టూ నాలుగు పక్కలా నిజాం ఇలాకా. నడుమ ఒక దీవిలాగా ఇంగ్లీషు పాలనలో ఉన్న కొన్ని ఊళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం కృష్ణా జిల్లాలోనే ఉండి, 1959లో నల్గొండలో కలిసింది.

ఈ ప్రసంగం కోసం ఒకరోజు మ్యాపు ముందేసుకుని చూస్తుంటే నాకు తట్టింది. మునగాల ఒక దీవి. రెసిడెన్సీ బజారు ఇంకో దీవి. దీవిలో కూర్చుని చుట్టూ ఉన్న నేలతో ఎలా మెలగాలో మునగాల రాజాకూ, ఆయన దివానుకూ అంతకుముందే అలవాటు. ఇది పుస్తకంలో చదివింది కాదు, నా ఊహ. కాదనేవాళ్లు చివర్లో అడగండి, పోట్లాడుకుందాం.

లక్ష్మణరావు గారి చదువు నాగపూర్‌లో. మరాఠీ బాగా వచ్చు, మరాఠీలో రాశారు కూడా. మరాఠీవాళ్లు తమ భాష కోసం సంఘాలు, పత్రికలు, గ్రంథాలయాలు ఎలా నడుపుకుంటున్నారో కళ్లారా చూశారు. ఈ నగరంలోనే శాలిబండలో మరాఠీవాళ్ల భారత్ గుణవర్ధక్ సంస్థ 1895 నుంచి ఉంది. అంటే మనకన్నా ఆరేళ్లు ముందు. పక్కింటివాళ్ల వాకిట్లో ముగ్గు చూసి మనమూ వేసుకోవడంలో తప్పేముంది?

ఇక్కడ కుర్రవాళ్ల కోసం ఒక్క మాట. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువేం కాదు, దాదాపు సగం జనాభా. కానీ సర్కారు కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ. 1880ల్లో ఫార్సీని దించి ఉర్దూను కూర్చోబెట్టారు, తెలుగుకు మాత్రం వంతు రాలేదు. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మీడియమే. దేశభాషలో పై చదువులు చెప్పడం నిజానికి గొప్ప ప్రయోగం, అందులో సందేహం లేదు. అయితే అది ఎవరి భాష అన్నదే ప్రశ్న. ఇక నగరం లోపల తెలుగులో చదివి, రాసేవాళ్లు పిడికెడు మంది. పల్లెలో అందరిదీ అయిన భాష పట్నానికి వచ్చేసరికి ఓ చిన్న గుంపు భాష అయిపోయేది.

అది ఎంత చిన్న గుంపో తెలియాలంటే 1921 నవంబర్‌కు వెళ్లాలి. వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ. మహర్షి కార్వే అధ్యక్షులు. ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, ఇంగ్లీషులో మాట్లాడారు. అల్లంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి గోల, చప్పట్లు, ఎగతాళి. ఆయన మాట సాగనివ్వలేదు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొద్దిమంది కూడి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. అందులోంచే తర్వాత ఆంధ్రమహాసభ వచ్చింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి మహాసభకు సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. ఆ కథ పెద్దది, ఇవాళ్టిది కాదు. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ రోజు ఎగతాళి చేస్తే ఆ కొద్దిమంది చెదిరిపోలేదంటే, అంతకు ఇరవై ఏళ్ల ముందు నుంచీ వాళ్లు కలుసుకోవడానికి, తెలుగు పత్రిక తెరిచి చదువుకోవడానికి ఒక చోటు ఉంది.

పేరులో "ఆంధ్ర" చూసి ఈమధ్య ఒకాయన నాతో, "ఇది అక్కడివాళ్లు పెట్టిందా సార్?" అన్నాడు. 1901లో ఆంధ్రం అంటే తెలుగు. అంతే. హనుమకొండలో 1904లో పెట్టింది రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, సికింద్రాబాద్‌లో 1905లో పెట్టింది ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం. ఇక్కడివాళ్లు, ఇక్కడి భాష కోసం, ఆనాటి మాటతో పెట్టుకున్న పేర్లు. కృష్ణదేవరాయల పేరు ఎందుకంటే, "దేశభాషలందు తెలుగు లెస్స" అన్నమాట ఆయన ఆముక్తమాల్యదలోది కదా. ఉర్దూ రాజ్యమేలుతున్న ఊళ్లో గుమ్మం మీద ఆ రాజు పేరు రాసుకున్నారు. గట్టిగా అనలేని మాటను బోర్డు మీద రాయించారన్నమాట.

అయిదేళ్లు తిరిగేసరికి, 1906లో, ఇందులోని మనుషులే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, ఆచంట లక్ష్మీపతి గారు. ఎందుకు? గ్రంథాలయం పెట్టాక తెలిసింది, అలమారలో పెట్టడానికి తెలుగులో పుస్తకాలే చాలవని. పురాణాలున్నాయి, ప్రబంధాలున్నాయి. చరిత్ర, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఏవీ? సరే మనమే రాయిద్దాం అనుకున్నారు. మొదటి పుస్తకం గాడిచర్ల వారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర, 1907. షెల్ఫు ముందు కట్టి, పుస్తకం తర్వాత రాయించడం, ఆలోచించండి! మేం ఇంజనీర్లం పునాది ముందు, గోడ తర్వాత అంటాం. వాళ్లు దాన్ని తిరగేశారు. 1908లో మండలి మద్రాసు వెళ్లిపోయింది, గ్రంథాలయం ఇక్కడే మిగిలింది.

1910లో రావిచెట్టు రంగారావు గారు పోయారు. ముప్పై నాలుగేళ్లయినా నిండలేదు. గ్రంథాలయానికి అండ ఆయనే. అలాంటి మనిషి పోతే సంస్థలు మామూలుగా ఏమవుతాయో మనందరికీ తెలుసు. పుస్తకాలు ఎవరింటికో పోతాయి, బీరువా అమ్మేస్తారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు అలా పోనివ్వలేదు. భాషానిలయానికి సొంత ఇల్లు ఉండాలని 3,000 రూపాయలిచ్చారు. 1910లలో మూడు వేలు! వ్యవస్థాపకుల పేర్లు చదివేటప్పుడు ఎప్పుడూ అయిదుగురు మగవాళ్ల పేర్లు చదువుతాం, ఇందాక నేనూ అదే చేశాను. సొంత గోడల లెక్క చూస్తే ఆవిడ పేరు ముందు రావాలి.

ఆ తర్వాత దాన్ని మోసినవాళ్లు చాలామంది. మాడపాటి హనుమంతరావు గారు, ఆదిరాజు వీరభద్రరావు గారు, బూర్గుల, సురవరం. లక్ష్మణరావు గారు 1923లో పోయాక ఆయన పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి అని నడిపారు. ఊరూరా తిరిగి రాళ్ల మీది రాతలు ఎత్తి రాసుకుని, 1935లో తెలంగాణ శాసనములు అచ్చువేశారు. పుస్తకం లేకపోతే రాయిని చదివారు.

ఇక నా సొంత సబ్జెక్టు. నిద్ర వచ్చేవాళ్లు ఇప్పుడు పోవచ్చు.

గ్రంథాలయం ఇంట్లో పుట్టింది అన్నాను కదా. ఇంటికీ గ్రంథాలయానికీ తేడా ఏమిటి? బరువు. మన భారతీయ ప్రమాణాల కోడ్ ఒకటుంది, ఐఎస్ 875 అని. దాని రెండో భాగం ప్రకారం మనం ఉండే ఇంటి గదిలో నేల మీద చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు పడుతుందని లెక్క వేసుకుని కప్పు కడతాం. మనుషులు, మంచాలు, అన్నీ కలిపి. పుస్తకాలు పేర్చే గదికైతే 600 కిలోలు. అదీ రాక్ ఎత్తు 2.2 మీటర్ల దాకానే. అది దాటితే ప్రతి మీటరు ఎత్తుకూ ఇంకో 200 కిలోలు కలపాలి. అంటే మీ ఇంటి మేడ గదిని అలాగే లైబ్రరీ చేస్తే, ఆ కప్పు మీద మూడు సంసారాలను ఒకేసారి కాపురం పెట్టినట్టు.

అందుకే పాత ఇళ్లలో పెట్టిన గ్రంథాలయాలు ఏ ఊళ్లో చూసినా, తెలిసినవాళ్లు ఉంటే బీరువాలు గోడల వెంట ఉంటాయి. గది మధ్యలో బల్లలు, కుర్చీలు, పత్రికలు. బరువంతా గోడ పక్కన, మనుషులు మధ్యలో. పుస్తకాలు కింద, చదువుకునేవాళ్లు పైన అయితే మరీ మంచిది. ఏ కోడూ చదవని మేస్త్రీలు చెప్పిన సంగతి ఇది. గది మధ్యలో వరసగా రాక్‌లు నిలబెట్టాల్సి వస్తే కనీసం దూలాలకు అడ్డంగా పెట్టండి, ఒకే దూలం మీద మొత్తం పడకుండా. ఇక్కడ గ్రంథాలయాలు నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క రాసుకోండి.

ఆ కాలం హైదరాబాద్ ఇళ్లు ఎలా ఉండేవి? రాతి గోడ లేదా ఇటుక గోడ, అడుగున్నర, రెండడుగుల మందం. డంగు సున్నంతో కట్టుబడి. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే గాడిలో రాయి దొర్లుతూ సున్నాన్నీ ఇసుకనూ నూరేది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లు. కప్పుకు టేకు దూలాలు, వాటిమీద సన్నటి ఇటుకలను నిలువుగా సున్నంలో పేర్చి మద్రాసు టెర్రస్. కాస్త డబ్బున్నవాళ్లయితే ఇనుప గర్డర్లు, వాటి మధ్య ఇటుక కమానులు. కింద షాబాదు బండలు. పైకప్పుకు దగ్గరగా వెంటిలేటర్లు. వేడిగాలి పైకి పోతుంది, ఆ కంతల్లోంచి బయటికి వెళ్లిపోతుంది. మే నెలలో కోఠీలో రెండు గంటలప్పుడు ఫ్యాను లేకుండా పుస్తకం చదవగలిగారంటే దానివల్లే.

ఈ సున్నం గురించి నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్త. జిల్లాలో ఒక పాత పఠనాలయం గోడ పెచ్చులూడుతోందని పంపించారు. వయసు పొగరు, చేతిలో సిమెంటు. "ఈ మట్టీ సున్నం ఏమిటండీ, గట్టిగా సిమెంటు పూత వేయిద్దాం" అన్నాను. వేయించాను. నున్నగా, అద్దంలా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. మూడో వానాకాలానికి ఆ పూత పలకలు పలకలుగా లేచిపోయింది. అది పోతే పోయింది, వెనక గోడ తడితో ఉబ్బి, దానికి ఆనించిన బీరువా వెనక చెక్కకు చెదలు పట్టింది. రెండు వరసల పుస్తకాలు మట్టయ్యాయి. అక్కడి ముసలి లైబ్రేరియన్ నన్నొక్క మాట అనలేదు. ఆ పుస్తకాల పేర్లు రిజిస్టరులో వెతికి, ఒక్కొక్కదాని మీదా ఎర్ర సిరాతో గీత కొడుతూ కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆ గీతలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఏం జరిగిందంటే, సున్నం గోడ ఊపిరి తీస్తుంది. నేలలోంచి ఎక్కిన తడిని మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు దాని ముక్కు మూస్తుంది. తడి బయటికి రాలేక లోపలే తిరుగుతుంది, నేలలోని ఉప్పును పైకి మోసుకొస్తుంది, ఆ ఉప్పు పూత వెనక గడ్డకట్టి దాన్ని తోసేస్తుంది. పాత భవనానికి కొత్త సిమెంటు పూయడం అంటే వేసవిలో తాతగారికి ప్లాస్టిక్ చొక్కా తొడగడం.

కాగితం సంగతీ అంతే. తాటాకు వందల ఏళ్లు నిలిచింది, 1910 నాటి పుస్తకం ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. కలప గుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది లోపల్నుంచే తినేస్తుంది. వేపాకు, కలరా ఉండలు పురుగును ఆపుతాయి గానీ ఆమ్లాన్ని ఆపలేవు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు తిరగేస్తుంటే అప్పుడప్పుడూ లోపలి పేజీలో భాషానిలయం ముద్ర కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఒకరోజు స్క్రీన్‌షాట్ పంపి, "నాన్నా, మీ కోఠీ!" అంది. ఆ పుట విరగకముందే ఎవరో స్కాన్ చేశారు, వాళ్లకో దండం.

సరే, ఇంకొక్క పోలిక చెప్పి ఆపేస్తాను. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, పాత పేరు ఆసఫియా. సంస్థ 1891లో పుట్టింది. 1908లో మూసీ వరద వచ్చి ఊరిని ముంచాక నది ఒడ్డులను మళ్లీ తీర్చిదిద్దారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఆసఫియాకు 1932లో పునాదిరాయి వేసి 1936లో కొత్త భవనంలోకి మార్చారు. ఎంత ఎత్తు, ఎంత వెలుతురు! లోపలికి అడుగుపెడితే గొంతు దానంతటదే తగ్గుతుంది. నాకు ఆ భవనమంటే ప్రాణం. ప్రభువు కట్టించిన గ్రంథాలయం అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని చూసిన కళ్లతో సుల్తాన్ బజారుకు వచ్చి భాషానిలయం ముందు నిలబడితే, "ఇదేనా?" అనిపిస్తుంది. 1978లో మా మేనమామ నన్ను మొదటిసారి తీసుకొచ్చినప్పుడు నేనూ అదే అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా లోపలికి తోశాడు. నేను ఓ కుర్చీలో కూర్చున్నాను. బయట గాజులవాడి కేక, రిక్షా గంట, లోపల ఒక పెద్దాయన పత్రిక మడత విప్పుతున్న చప్పుడు. సాయంత్రం దాకా లేవలేదు.

మెట్రో వచ్చేటప్పుడు ఆ ఇరుకు వీధిలో ఎంత గొడవ జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. 2020 ఫిబ్రవరి నుంచి రైలు నడుస్తోంది. సుల్తాన్ బజార్ అని స్టేషనే ఉంది. దిగి నడుచుకుంటూ వెళ్లొచ్చు, పార్కింగ్ టెన్షన్ లేదు.

ఒక చీటీ వచ్చింది. "మా బస్తీలో కూడా 80 ఏళ్ల పఠనాలయం ఉంది సార్. కమిటీవాళ్లు పడగొట్టి కొత్తది కడదామంటున్నారు. ఏం చెయ్యమంటారు?" పేరు రాయలేదు, మంచి పనే చేశారు.

చూడకుండా నేను చెప్పలేను. ఒక పని చెయ్యండి. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్లండి. డాబా మీద నీళ్లు నిలిచాయా, గొట్టం ఎక్కడ కారుతోంది, దాని కింద గోడకు అరచెయ్యి ఆనించి చల్లగా తగులుతోందా, ఆ గోడకు సిమెంటు ఎవరైనా పూశారా, చూసి ఫోటోలు తీయండి. తర్వాత గది మధ్యలో ఉన్న బీరువాలు గోడల దగ్గరికి జరిపించండి. ఆ గోడ తడిగా ఉంటే మాత్రం జానెడు ఎడం వదలండి. కమిటీ మీటింగు ఎప్పుడో చెప్పండి, ఆదివారమైతే నేనొస్తాను.